తెగిన కూత

దొరవారిసత్రంలో గాజులమ్మే జైతూన్‌బీ కొడుకు కలీం కూతకు దిగితే అవతలి ఏడుగురికీ కాళ్లు ఆడేవి కావు. ఒక్క ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అనుకుంటూ వెళ్లి, ఇద్దర్ని తాకి, నవ్వుతూ గీత దాటి వచ్చేవాడు. పెద్ద లీగులో రెండేళ్లు ఆడాడు. కొడుకు టీవీలో కనిపించే రోజుల్లో జైతూన్‌బీ గాజుల బేరం మరిచిపోయి, వచ్చిన ఆడవాళ్లందరికీ వాడి సంగతులే చెప్పేది.

మూడో ఏడు మోకాలు తిరిగింది. నొప్పికని మొదలెట్టిన మత్తు సూది, నొప్పి పోయినా వాణ్ని వదల్లేదు. జట్టు వదిలేసింది. మనిషి చిక్కి సగమయ్యాడు. ఒకనాడు జైతూన్‌బీ కొడుకు చెయ్యి తన నెత్తిన పెట్టుకుని, "మానేసినానని చెప్పు నాయనా" అంది.

"మానేసినానమ్మా, ఒట్టు."

సూది వేసుకుని అప్పటికి గంట కాలేదు. ఎంత పాపిష్టి ఒట్టు! ఆ పిచ్చితల్లి నమ్మింది. నెల తిరక్కుండా, ఆ నమ్మకంతోనే, గుండె ఆగి కన్నుమూసింది.

చిన్నప్పుడు వాడికి ఆట నేర్పిన చంద్రమౌళి మాస్టారు వచ్చి, నెల్లూరులో మత్తు మాన్పించే ఆసుపత్రిలో చేర్చాడు. కలీం రెండుసార్లు గోడ దూకి పారిపోయాడు. రెండుసార్లూ తనే తిరిగి వెళ్లాడు. ఆ తర్వాత రెండేళ్లు సూది ముట్టలేదు. మాస్టారు వాళ్లనీ వీళ్లనీ బతిమాలి, తడ దగ్గర ఒక కంపెనీ జట్టు ఎంపిక ఆటకు పిలుపు తెప్పించాడు.

"ఇదే ఆఖరిది అబ్బయ్యా. ముప్పై రెండేళ్లోణ్ణి మళ్లా ఎవురూ పిలవరు" అని మరీ మరీ చెప్పాడు.

ఆఖరి కూతకు కలీం వైపువాళ్లు ఒక్క పాయింటు వెనకున్నారు. కలీం వెళ్లాడు. ఇద్దర్ని తాకాడు. గీత రెండడుగుల దూరంలో ఉందనగా ఊపిరి చాల్లేదు. రెండు "కబడ్డీ"ల మధ్య రవ్వంత గాలి లోపలికి లాక్కున్నాడు. ఎవరూ పసిగట్టలేదు. రిఫరీ రెండు పాయింట్లు ఇచ్చాడు. కుర్రాళ్లు వాణ్ని భుజాలకెత్తుకున్నారు. ఎంపిక చేసే పెద్దమనిషి అప్పుడే పేరు రాసుకుంటున్నాడు.

కలీం దిగి, రిఫరీ దగ్గరికి నడిచాడు.

"సార్, నా కూత తెగింది. మద్దెలో ఊపిరి పీల్చినాను."

పాయింట్లు పోయాయి, ఆట పోయింది. దమ్ము లేనివాడు మాకెందుకని పెద్దమనిషి రాసిన పేరు కొట్టేశాడు.

మాస్టారికి ఒళ్లు మండిపోయింది. "ఎవురికీ వినపళ్లేదు గదరా! నోరు మూసుకోనుంటే నీ సొమ్మేం పోయె?"

"ఇట్టాంటి చిన్న అబద్ధాలతోనే గద సార్ అంతా మొదలైంది. ఇంకొకటి ఆడినానంటే మళ్లా ఆ సూది కాడికే పోతా. నాకు తెలుసు."

ధైర్యంగానే అన్నాడు. అనేసి, బూట్లు విప్పుకోబోయి, ముఖం మోకాళ్లలో పెట్టుకుని బావురుమన్నాడు. జట్టులో చోటు కోసమే కదా రెండేళ్లు పళ్లు బిగబట్టుకుని బతికింది.

"ఇంక నేను ఆడలేను గద సార్" అన్నాడు.

ఆడతావులేరా అని అబద్ధమాడకుండా, మాస్టారు వంగి వాడి బూట్ల ముళ్లు విప్పసాగాడు.