మాటల గదిలో రెండేళ్ళవాడు

వాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకోగానే నా చెవి పక్కన టక్కుమని చిన్న చప్పుడైంది. అన్నంలో రాయి పంటికింద పడినట్టు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను పిల్లల్ని వదిలి వెళ్ళే ఆ ఇంట్లో మా పిల్లాడికి ఏదో ముప్పు ఉందని నాకు మొదటిసారి తట్టింది ఆ చప్పుడుతోనే. వేలు పెట్టి దవడ పక్కన వెతికితే ఒక చింతగింజ, బాగా నాని, జారుతూ నా అరచేతిలోకి వచ్చింది. బాబు ఏడవలేదు. వాడి వస్తువు నేను లాక్కున్నట్టు చూశాడు, అంతే. అన్నం డబ్బాల సంచీ పట్టుకుని పక్కనే నిలబడ్డ మా అమ్మాయి, "అవి పెద్దోళ్ళకి ఇస్తారమ్మా. తమ్ముడు పెద్దోడు కదా," అంది. అని నా మొహంలోకి చూసింది.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. మొన్న వాణ్ణి ఒకటో తరగతిలో చేర్చడానికి వెళ్తే, దరఖాస్తులో పుట్టిన తేదీ గడి దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది చూసి గుమస్తాగారు ఎంతో మర్యాదగా, "తారీఖు గుర్తు రావట్లేదాండీ? పర్లేదండీ, జూన్ ఒకటని రాసెయ్యండి," అన్నారు. గుర్తుందని చెప్పి, అంకెలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ రాశాను. ఇంటికొచ్చినా ఆ గడి కళ్ళముందు నుంచి పోలేదు. పిల్లలు పడుకున్నారు కనుక కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

గుమస్తాగారి తప్పేమీ లేదు. మా వైపు కాగితం మీది పుట్టినరోజు నిజమైనవాళ్ళు తక్కువ. మా అమ్మ లెక్క ప్రకారం నేను పుట్టింది కార్తీకమాసంలో. బడి రిజిస్టరు ప్రకారం అంతకు పది నెలల ముందు. నన్ను బళ్ళో వేసే రోజున మేష్టారు "ఐదు నిండేయాండీ?" అంటే మా నాన్నగారు "నిండినట్టే రాసెయ్యండి మేష్టారూ, ఇంట్లో అల్లరి పడలేకపోతున్నాం," అన్నారట. నాకు పది నెలల వయసు ఆ విధంగా ఒక్క కలం గీతతో వచ్చింది. మా ఆయనకేమో ఉద్యోగాలకి పనికొస్తుందని వాళ్ళ మేష్టారు రెండేళ్ళు తగ్గించి రాశారు. దాంతో మా రేషన్ కార్డు ప్రకారం మా ఆయనకన్నా నేనే పెద్దదాన్ని. కార్డు చూసిన ప్రతివాళ్ళూ తలెత్తి ఓసారి మా ఇద్దరి మొహాలూ పరీక్షగా చూస్తారు. వయసంటే బడి కోసమో ఉద్యోగం కోసమో కాగితం మీద కాస్త ముందుకో వెనక్కో జరుపుకునేదని చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాను. దాని వల్ల ఎవరి ఒంటికీ ఏమీ కాలేదు మరి.

పెళ్ళయ్యాక బీఈడీ చదివి, పిల్లలిద్దరూ పుట్టాక పరీక్ష రాస్తే నాకు టీచరుద్యోగం వచ్చింది. వేసింది మాత్రం గోదావరి మధ్య లంకలో ఉన్న బడికి. అమలాపురం నుంచి రేవు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఇంజను పడవ. పడవ నిండితేగానీ కదలదు. అవతలికి వెళ్ళాక సాయంత్రం దాకా ఇవతల ఇల్లు కాలిపోయినా మనకి తెలియదు. మా ఆయన విశాఖపట్నంలో ఒక కంపెనీలో పని చేస్తూ శనివారం రాత్రికి వచ్చి, సోమవారం తెల్లారకుండా వెళ్ళిపోయేవారు. మా అత్తగారు ఆలమూరులో బావగారి దగ్గర ఉండేవారు. పిల్లల్ని కొన్నాళ్ళు చూసుకోమని, లేకపోతే పిల్లల్ని చూసే చోట వదలాల్సొస్తుందని అంటే, "మా ఇంట్లో పిల్లలు తల్లుల దగ్గరే పెరిగేరమ్మా. బడికి ముందు ఇంకో బడి ఉంటదని నాకిప్పుడే తెలిసింది," అన్నారు. ఆ ఉద్యోగం నెల్లాళ్ళకన్నా సాగదని ఆవిడ అందరికీ చెప్పారు కూడా.

కాలవ గట్టు వీధిలో ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు తన పెంకుటింట్లోనే పిల్లల్ని చూసుకునేవారు. పెద్దవాళ్ళం టీచరుగారు అనేవాళ్ళం, పిల్లలకి ఆవిడ టీచరమ్మమ్మ. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు, తళతళలాడే సిమెంటు గచ్చు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు. కాయలు దింపే రోజున పిల్లల్ని పెరటి గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఏ ఇంటి పిల్లలైనా సరే అన్నానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పాల్సిందే. అప్పటికి మా వాడికి స్పష్టంగా వచ్చిన మాటలు మూడు: అక్క, పప్పు, ఆమెన్. ఓసారి ఆలమూరులో అందరి ముందూ అన్నం పళ్ళెం చూడగానే మూడోది అనేశాడు. మా అత్తగారు వాడి చేతిలో ఒక అరటిపండు పెట్టారు.

ఆ ఇంట్లో పిల్లలకి మూడు గదులు. ఏడాది లోపు వాళ్ళకి ఉయ్యాలల గది. ఏడాది నుంచి మూడేళ్ళ దాకా నడకల గది, దాని గుమ్మానికి మోకాలెత్తున అడ్డంగా ఒక చెక్క. మూడు దాటిన వాళ్ళకి మాటల గది. చోటు అడగడానికి మొదటిసారి వెళ్ళిన రోజున టీచరుగారు నన్ను మూడు గదులూ తిప్పి చూపించారు. "కోడిపిల్లల్నీ పెట్టల్నీ ఒక్క గంప కింద మూస్తే ఏవవుద్దండీ? ఇదీ అంతే. పిల్లాడి గుప్పిటకన్నా చిన్న వస్తువేదీ నడకల గదిలోకి వెళ్ళదు. రోజుకి మూడుసార్లు ఊడుస్తాం. అవతల గదిలో గింజలూ ఉంటాయి, పలకలూ బలపాలూ ఉంటాయి. జ్వరం సంగతైనా వయసు సంగతైనా నాకు నిజం చెప్పాలండీ. దాచిపెడితే మాత్రం పిల్లల్ని ఉంచుకోను. ఏమీ అనుకోకండి," అన్నారు. ఆవిడ చెప్పలేదని, నేను వినలేదని అనను. నాకు అప్పుడు చెవికెక్కింది ఒక్కటే, ఇద్దర్నీ విడదీస్తారని.

మా అమ్మాయికి అప్పుడు నాలుగున్నర. బాబుకి రెండు నిండి నెలైంది. వాడు అక్క ఎదురుగా కూర్చుంటేగానీ ముద్ద మింగేవాడు కాదు, అక్క గౌను అంచు గుప్పిట్లో ఉంటేగానీ నిద్రపోయేవాడు కాదు. చేర్చే ముందురోజు పడవలో నా బెంగంతా విని, మా బళ్ళో తెలుగు టీచరు, "ఏవండీ, మీరు మరీనూ! బాబు ఒడ్డూ పొడుగూ ఉన్నాడు, మూడేళ్ళని చెప్పెయ్యండి. ఎవరు చూడొచ్చేరు? మన పుట్టినరోజులు మాత్రం నిజవాండీ?" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు నడకల గది గుమ్మం దగ్గర వాడు అక్క గౌను పట్టుకుని కెవ్వున ఏడుస్తుంటే, టీచరుగారు రిజిస్టరు తెరిచి, "బాబుకెన్నేళ్ళండీ?" అన్నారు. "మూడండీ," అన్నాను. మా అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. నేను దాని చెయ్యి నొక్కాను. ఇంటికెళ్ళాక, ఎవరడిగినా తమ్ముడికి మూడని చెప్పాలని రెండుసార్లు అప్పచెప్పించుకున్నాను. అది పద్యం నేర్చుకున్నట్టు శ్రద్ధగా నేర్చుకుంది.

చింతగింజ దొరికింది ఆ తర్వాత పదిరోజులకి. మాటల గదిలో టీచరుగారు గచ్చు మీద సుద్దతో అక్షరం రాస్తే, పిల్లలు దాని మీద గింజలు పేర్చాలి. మంచి పద్ధతే. మూడేళ్ళు దాటిన పిల్లలకి. మర్నాడు కాస్త ముందుగా వెళ్ళి, "గింజలు కొంచెం ప్రమాదమేమోనండీ," అని గొణిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. "మూడు దాటినోళ్ళు నోట్లో పెట్టుకోరండీ. మీ బాబుకి ఇంట్లో అలవాటు చేసినట్టు లేరు. మేం నేర్పుతాం లెండి," అన్నారు. "ఆయ్," అన్నాను. ఆ వాకిట్లో రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాను. నిజం నాలిక చివర ఉంది. బయట పెడితే పిల్లలకి చోటు పోతుంది. ఊళ్ళో అలాంటి ఇల్లు మరొకటి లేదు. చోటు పోతే ఉద్యోగం పోతుంది, ఆలమూరులో ఆ వార్త కోసమే ఎదురు చూస్తున్నారు. రిక్షా అతను బస్సుకి వేళైందని బెల్లు కొట్టాడు. వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నాలుగు వారాలు నేను పడవలో కూర్చున్నానే గానీ నా ప్రాణం ఇవతల గట్టు మీదే ఉండేది. పదకొండింటికి గింజలు పేర్చే వేళ. ఆ సమయానికి నేను అవతల ఆరో తరగతికి ఆకు భాగాలు చెబుతూ ఉండేదాన్ని. కిటికీలోంచి చూస్తే నది, పడవేమో ఎప్పుడు చూసినా ఊరి వైపు గట్టునే ఉండేది. గంట కొట్టే చప్పుడైతే చాలు, ఎవరో కబురు తెచ్చారని గుమ్మం వైపు చూసేదాన్ని. పోనీ ఈ సాయంత్రం చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. తీరా సాయంత్రం వాడు నవ్వుతూ ఎదురొస్తే, ఇవాళ్టికి గడిచింది కదా అని ఊరుకునేదాన్ని.

ఈలోగా టీచరుగారికి ఇంకో దిగులు పట్టుకుంది. ఓ రోజు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "తల్లిగారు కదా, బాధపడకుండా వినాలి. మూడు దాటేయి, ఇంకా మాటలు కలిపి చెప్పట్లేదు. లాగు తడుపుకుంటున్నాడు, మిగతా పిల్లలు నవ్వుతున్నారు. ఒకసారి డాక్టరుగారికి చూపించకూడదాండీ? తొందరగా పట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయి," అన్నారు. ఆవిడ కళ్ళల్లో నిజమైన జాలి. చక్కగా, వేళకి, ఎంత పెరగాలో అంతే పెరుగుతున్న నా కొడుకుని ఆ ఇల్లంతా మందమతి కింద జమ కట్టి జాలిపడుతోంది. నేను తలూపి, డాక్టరుగారి పేరు కూడా రాసుకున్నాను. ఆ చీటీ చాలా రోజులు నా సంచీలోనే ఉంది.

అప్పుడు కూడా నేను కొడుకు గురించే ఆలోచించాను. కూతురి వైపు చూడలేదు.

ఓ సాయంత్రం రిక్షాలో ఇంటికి వస్తూ ఇద్దరికీ జంతికలు ఇచ్చాను. మా అమ్మాయి ఎడమ చెయ్యి చాపింది. "కుడిచేత్తో తీసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాలే?" అని కసిరాను. అది కుడిచెయ్యి ఒళ్ళో గౌను మడతల్లో దాచుకుంది. పట్టుకుని బయటికి లాగితే, చూపుడు వేలు వాచి ఉంది. వేలి చుట్టూ చిన్న చిన్న పంటి గాట్లు, ఒకచోట చర్మం చిట్లింది.

"ఎవరు కొరికారు?"

"తమ్ముడు. కావాలని కాదమ్మా," అని ముందే వాణ్ణి వెనకేసుకొచ్చింది. తర్వాత మెల్లిగా చెప్పింది. "రోజూ గింజలు లెక్కెడతాను నేను. తగ్గితే తమ్ముడి నోరు తెరిపించి చూస్తాను. ఇవాళ ఒకటి తగ్గింది. చూస్తే నోట్లో లేదు. వాడు ఎర్రగా అయిపోయేడు, ఏడుపు కూడా రాట్లేదు. లోపలికి వేలు పెట్టేసేను. గట్టిగా కరిచేడు. వచ్చేసింది."

"ఆయమ్మ ఏది? టీచరుగారు?"

"ఆయమ్మ పెరట్లో బట్టలారేత్తంది. టీచరమ్మమ్మ అన్నాలు చూత్తన్నారు."

"మరి పిలవలేదే? పిలవాలి కదమ్మా! గట్టిగా అరవాలి కదా!"

అది నన్ను వింతగా చూసింది. ఇంత తెలిసిన విషయం అమ్మ అడుగుతోందేమిటన్నట్టు. "పిలిస్తే, ఎందుకు మింగేడు, తమ్ముడికి ఎన్నేళ్ళు అని అడుగుతారు కదా," అంది.

రిక్షా కాలవ వంతెన ఎక్కుతోంది. బాబు నా ఒళ్ళో జంతిక నములుతున్నాడు, కరకరమని. నేను ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. వాడికి ఒక ఏడాది కలిపాననుకున్నాను. మా అమ్మాయికి ఎన్నేళ్ళు కలిపానో అప్పటిదాకా లెక్క చూసుకోలేదు. మిగతా పిల్లలు అక్షరాలు పేరుస్తుంటే, అది గింజలు లెక్కపెట్టుకుంటూ కాపలా కూర్చుంది. ఆ గదిలో వయసుకి మించి నెట్టబడింది వాడొక్కడే కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ వంటింటి గడప మీద కూర్చోబెట్టి, ఎదురుగా కింద కూర్చున్నాను. పడవ వేళ దగ్గర పడుతోంది. అమ్మాయి వేలికి రాసిన పసుపు గౌనుకి అంటుకుంది.

"ఇవాళ టీచరుగారికి నేనే చెప్తాను, తమ్ముడికి రెండేళ్ళేనని. అబద్ధం చెప్పింది అమ్మేనని కూడా చెప్తాను. ఇంకెవరడిగినా నువ్వు రెండనే చెప్పు."

"కోప్పడతారా?"

"కోప్పడతారు. మిమ్మల్ని ఉంచుకోనని కూడా అనొచ్చు. అంటే అప్పుడు చూద్దాం."

"ఉంచుకుంటే, తమ్ముడు అడ్డచెక్క గదిలో ఏడుస్తాడు."

"ఏడుస్తాడు. కొన్నాళ్ళు ఏడుస్తాడు."

"మరి వాడి నోరు ఎవరు చూస్తారు?"

"పెద్దవాళ్ళు చూస్తారు. అది నీ పని కాదు. నీకు నాలుగేళ్ళు," అన్నాను. తర్వాత వాణ్ణి కూడా దగ్గరికి లాక్కుని, ఇద్దరికీ కలిపి చెప్పాను. "వాడికి మూడేళ్ళు వచ్చినప్పుడు వస్తాయి. నీకు ఐదూ అంతే. ఎవరూ ముందుకి పరిగెత్తక్కర్లేదు."