వీపులు ఆనించి నేర్చిన ఇంగ్లీషు

శాంభవి గారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. సత్యనారాయణపురంలో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు అమ్మమ్మలవుతున్నా, వీధిలో ఆవిడ ఎదురుపడితే ఇప్పటికీ కుచ్చిళ్లు సర్దుకుని పక్కకి నిలబడతారు. బడిలో రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని సీరియళ్లు చూసే ఘటం కాదు గదా! ఆటోనగర్ స్పేర్ పార్టుల వర్తకుల సంఘం వాళ్లు మేడ మీద హాలు ఇస్తే, సాయంత్రాలు కొట్లవాళ్లకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతున్నారు.

ఆవిడ సంచీలో ఎప్పుడూ రెండు లావుపాటి పుస్తకాలుంటాయి. క్లాసులో జనం చేత నోరు విప్పించడానికి ఎవరో ముందే తయారుచేసి పెట్టిన ఆటలు వాటి నిండా ఉంటాయి. జిరాక్సు తీయించుకోవడం, పంచిపెట్టడం, అంతే. "రెడీమేడ్ అంటే అంత చిన్నచూపు ఎందుకండీ? మీరు చొక్కాలు కొనుక్కోవట్లా? ఒళ్లు చూసుకుని కొనుక్కోవాలి గానీ" అని ఆవిడ వాదన. వాదన బాగానే ఉంది. ఆ ఒళ్లు చూసుకోవడం దగ్గరే ఆవిడ తప్పులో కాలేశారు.

ఆ సాయంత్రం ఎంచుకున్న ఆట ఇది. ఇద్దరిద్దర్ని జంటగా కూర్చోబెట్టాలి. ఇద్దరికీ ఒకే వంటగది బొమ్మ ఇవ్వాలి, కానీ ఒకరి బొమ్మకీ ఇంకొకరి బొమ్మకీ కొన్ని తేడాలుంటాయి. ఎవరి కాగితం వాళ్లు దాచుకుని, ఇంగ్లీషులో అడిగి ఆ తేడాలు పట్టుకోవాలి. పావుగంట పడుతుందని పుస్తకంలో ఉంది. ఆటోనగర్‌లో చిటికెలో అయిపోయింది. కాగితాలు చేతికి రాగానే అందరూ వాటిని బల్ల మీద పక్కపక్కన పరిచి, "ఇదిగో, నీ దాంట్లో పిల్లి ఉంది, నా దాంట్లో లేదు" అని శుద్ధమైన తెలుగులో తేల్చేసుకున్నారు.

"కాగితం చూపించొద్దని చెప్పానా లేదా?" అని శాంభవి గారు బల్ల చరిచారు.

ముందు వరసలో కనకలక్ష్మి నొచ్చుకుంది. భర్త నడుం నొప్పితో మంచం పట్టాక లారీ సామాన్ల కొట్టు తనే చూసుకుంటున్న మనిషి. "పక్కన కూర్చున్నవాళ్ల దగ్గర కాగితం దాచుకోవడం ఏం మర్యాదండీ మేడమ్? మా కొట్లో ఎవరన్నా సామాను అడిగితే ముందు తీసి చేతిలో పెడతాం. ఆ తర్వాతే మాట" అంది.

సరిగ్గా అప్పుడే సంఘం ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు గారు మెట్లెక్కి వచ్చారు. హాలంతా తెలుగు గోల. ఆయన గుమ్మంలో నిలబడి నవ్వారు. "భలే ఉందండీ మీ ఇంగ్లీషు! ఇంత చక్కటి తెలుగు మా ఇంట్లో కూడా మాట్లాడరు" అన్నారు. ఆ పైన అసలు సంగతి బయటపెట్టారు. ఎవరో కంపెనీవాళ్లు హాల్లో పెద్ద టీవీ పెట్టి పాఠాలు వేస్తామంటున్నారట. "శనివారం మళ్లీ వస్తానండీ. వీళ్లు నాలుగు ముక్కలు మాట్లాడితే హాలు మీదే. లేదంటే టీవీ బిగించేస్తాం. ఏమనుకోకండి మేడమ్."

ఏమనుకోకండి అంటే ఏమీ అనుకోకుండా ఎలా ఉంటారు? శాంభవి గారు ఇంటికి వెళ్లి పుస్తకాలు మంచం మీద విసిరికొట్టారు. ఒక ఆటలో మంచుకొండల మీద సెలవులు, ఇంకో ఆటలో లండన్ వీధుల్లో దారి అడగడం. ఆటోనగర్‌లో వీటితో ఎవరికి పని? బోర్డు ముందు నిలబడని సాయంత్రాలు ఎలా ఉంటాయో తలుచుకుంటే ఆవిడకి నిజంగానే భయమేసింది. కాస్త ఏడుపు కూడా వచ్చింది.

మర్నాడు, కసిరినందుకు సముదాయిద్దామని కనకలక్ష్మి కొట్టుకి వెళ్లారు. టీ వచ్చింది. టీతో పాటే ఫోనూ మోగింది. నామక్కల్ లారీవాళ్లు. వాళ్లకి తెలుగు రాదు, మనకి తమిళం రాదు, హిందీ ఇద్దరికీ అంతంత మాత్రం. ఇక మిగిలింది ఇంగ్లీషే. కనకలక్ష్మి గబగబా పక్క కొట్టు చక్రిని కేకేసి ఫోను చేతిలో పెట్టింది. అతను మాట్లాడుతూ మాట్లాడుతూనే తన కొట్లోకి నడిచాడు.

"ఎప్పుడూ ఇంతేనండీ. ఫోను చక్రి చేతికి, బేరం చక్రి కొట్టుకి" అంది కనకలక్ష్మి.

"వాట్సాప్‌లో ఫొటో పంపమనొచ్చుగా?"

"పంపుతారండీ. ఆ గ్రీజులో ఏముందో దుర్గమ్మకే తెలియాలి. ఏ బండి, ఎంత సైజు అని ఎలాగూ అడగాలిగా. నాకేమో నోరు పెగలదు."

శాంభవి గారు సగమే విన్నారు. ఆవిడ చూపంతా చక్రి మీదే ఉంది. అవతలివాడికి కనపడదని తెలిసి కూడా అతను గాల్లో చేత్తో సామాను ఆకారం గీస్తున్నాడు. ఫోన్లో సామాను తీసి చేతిలో పెట్టే వీల్లేదు, కాగితం పరిచే వీల్లేదు. నోటితో చెప్పి తీరాల్సిందే.

"నా మతి మండా!" అని ఆవిడ నెత్తి కొట్టుకున్నారు.

కావలసిన ఆట ఆవిడ పుస్తకంలోనే ఉంది. ఒకరు బొమ్మ ఎలా ఉందో చెబుతుంటే ఇంకొకరు చూడకుండా గీయాలి. చిన్నపిల్లల ఆట అనుకుని ఎన్నోసార్లు ఆ పేజీ తిప్పేశారు. అందులో ఇల్లు, చెట్టు ఉన్నాయి. ఆవిడ ఆ బొమ్మలో ఇల్లు పీకేసి ఇనప సామాను పెట్టారు. ఆ సాయంత్రం క్లాసులో కుర్చీలు వీపుకి వీపు ఆనేలా తిప్పించారు. ఒకరు బండి ఆగిపోయిన డ్రైవరు, ఇంకొకరు కొట్టువాళ్లు. ఎదురుగా ఉంటే కదా మర్యాద అడ్డొచ్చేది, వీపు తిప్పాక మొహమాటమేమిటి?

మొదట అందరూ పెన్సిళ్లు నమిలారు. తర్వాత మెల్లిగా ఒక మూల నుంచి "రౌండ్?" అని వినిపించింది. "నో రౌండ్. లాంగ్." "హోల్స్ హౌ మెనీ?" తప్పులు దిద్దాలని శాంభవి గారి నాలుక దురద పెట్టింది. పళ్లు బిగించి ఊరుకున్నారు. ఆవిడ ఊరుకోవడమంటే మాటలా!

శనివారం ప్రెసిడెంటు గారు వచ్చి కాసేపు చూసి పెదవి విరిచారు. "బట్టీ పట్టించి ఉంటారు."

"అయితే మీరే డ్రైవరు అవ్వండి" అన్నారు శాంభవి గారు. "మీ కొట్లోంచి మీకిష్టమైన సామాను తెప్పించుకోండి. కనకలక్ష్మికి మాత్రం చూపించకండి."

ఆయన కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి తెప్పించుకుని, కనకలక్ష్మి వీపుకి వీపు ఆనించి కూర్చున్నారు.

"సార్, వాట్ షేప్?" అంది కనకలక్ష్మి.

"అదీ... ప్లస్ మార్క్."

"ఓకే సార్. ఫోర్ హ్యాండ్స్?"

"ఫోర్."

"ఎవ్రీ హ్యాండ్, క్యాప్ దేర్?"

"క్యాప్ త్రీ. వన్... వన్..." ఆయన ఇంగ్లీషు అక్కడితో అయిపోయింది. చెమట తుడుచుకున్నారు. ఇక ఆగలేక, "ఇదిగోనమ్మా, నువ్వే చూడు" అంటూ వెనక్కి తిరిగి సామాను అందించబోయారు.

"నో షోయింగ్ సార్!" అని హాలు హాలంతా అరిచింది. అరిచింది ఇంగ్లీషులో! ఆ వాక్యం వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

కనకలక్ష్మి తల కూడా తిప్పలేదు. "వన్ క్యాప్ మిస్సింగ్, సార్?"

"ఆఁ, మిస్సింగ్! మిస్సింగ్!"

"నో టెన్షన్ సార్. జాయింట్ క్రాస్. విచ్ లారీ? టెన్ వీల్, ట్వెల్వ్ వీల్?"

ప్రెసిడెంటు గారు లేచి పొట్లం పైకెత్తి అందరికీ చూపించారు. లారీ కింద తిరిగే పొడవాటి కడ్డీలని కలిపే జాయింట్ క్రాసే, ఒక మూత ఊడింది! చప్పట్లకి కింద రోడ్డు మీద వెల్డింగ్ చేసేవాళ్లు పని ఆపి పైకి చూశారు. "టీవీని కింద ఆఫీసులో పెట్టుకుని క్రికెట్ చూస్తాం. హాలు మేడమ్‌దే. నాక్కూడా ఒక కుర్చీ వేయించండి" అన్నారాయన. శాంభవి గారి గుండె పొంగిపోయింది. గెలిచినప్పుడు పొంగకపోతే ఇంకెప్పుడు పొంగుతుంది?

సోమవారం ఆవిడ కనకలక్ష్మి కొట్లో టీ తాగుతుండగా ఫోను మోగింది. అలవాటు ప్రకారం చక్రి చెయ్యి చాపుకుంటూ వచ్చేశాడు. కనకలక్ష్మి స్టూలు మీద గిర్రున తిరిగి, అతనికి వీపు పెట్టి కూర్చుంది.

"టెల్ మీ సార్. వాట్ షేప్?"

చాలాసేపు మాట్లాడింది. మధ్యలో తడబడింది, మళ్లీ అడిగింది, ఒకసారి నవ్వింది కూడా. ఫోను పెట్టేసి, "బేరం కుదిరిందండీ మేడమ్! నా కొట్లోనే!" అని అరిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

శాంభవి గారు టీ గ్లాసు పక్కన పెట్టారు. "చక్రీ, ఇక ఆ చెయ్యి దించుకోవయ్యా" అన్నారు.