పై ఇంటి ఎంగిలి

నిన్న మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో సింకు పైపు మార్చడానికి ప్లంబరు వచ్చాడు. పాత పైపు ఊడదీయగానే గోడలోని రంధ్రం నుంచి గుప్పున కంపు కొట్టింది. పాచిపోయిన అన్నం, మురిగిన నూనె, ఇంకా పేరు పెట్టలేని పులుపు ఏదో కలిసిన కంపు అది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. "కొత్త పైపు లోపలికి ఎంత పెడుతున్నవ్?" అని అడిగితే "రెండించులు ఆంటీ" అన్నాడు. "గంతే పెట్టు, మోచేతి దాకా గుచ్చకు" అన్నాను. ఈ పనులు ఈమెకెలా తెలుసన్నట్టు నా వంక ఎగాదిగా చూశాడు. నాకు ఈ చదువు కొత్తగూడలో అబ్బింది. తలచుకుంటే ఆ కంపు కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. కొత్తగూడలో ఒక ఇంట్లో కింది వాటాలో మేము కిరాయికి ఉండేవాళ్లం. పై వాటాలో కోస్తా నుంచి వచ్చిన నర్సు, ఆమె భర్త ఉండేవారు. ఆయన ఏదో బడిలో లెక్కల మాస్టారు. ఆదివారం ఇద్దరూ తెల్లటి బట్టలు కట్టుకుని చర్చికి వెళ్లేవారు. ఆమెను నేను పై అక్క అనేదాన్ని. మా ఇంటి ఓనరు కింది వాటా కట్టినప్పుడు వంటింటి గోడలో ఇనుప పైపు వేశాడు. చాలా ఏళ్ల తర్వాత పై వాటా లేపి, ఆ వంటింటి పైపును కూడా అందులోకే దింపాడు. రెండిళ్ల అంట్ల నీళ్లూ పోవడానికి ఉన్నది ఆ ఒక్కటే దారి. మా వంటింట్లో అప్పటికి సింకు లేదు. మూలన మోరీ దగ్గర పీట వేసుకుని కూర్చుని గిన్నెలు తోముకునేదాన్ని.

మా ఆయన ఐటీ కంపెనీలకు క్యాబు నడిపేవాడు. బంద్ అంటే బండి ఇంట్లో, బండితోపాటు ఆయనా ఇంట్లో. అలా వరసగా బంద్‌లు వచ్చిన ఒక వారంలో నా నడుం నొప్పి మీద జాలి పుట్టి స్టీలు సింకు తెచ్చాడు. ప్లంబర్‌ను పిలుద్దామంటే "గిదేమన్న రాకెట్టా?" అన్నాడు. సింకుకు వచ్చిన ప్లాస్టిక్ పైపు సన్నం, గోడలోని ఇనుప పైపు వెడల్పు. ఊడిపోకుండా ఉండాలని ప్లాస్టిక్ పైపును పోయినంత దూరం లోపలికి గుచ్చాడు. చుట్టూ ఉన్న సందులో తన పాత లుంగీ చింపి కుక్కాడు. పైన సిమెంటు మెత్తాడు. బకెట్టెడు నీళ్లు పోస్తే సర్రున పోయాయి. ఆ రోజు సాయంత్రం మా వీధిలో నలుగురిని పిలిచి మరీ ఆ సింకు చూపించాడు, నేను వాళ్లందరికీ చాయ్ పెట్టాను.

పది రోజులు తిరక్కుండానే ఒక పొద్దున సింకు నిండా నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. నీళ్లా అవి! పసుపు రంగు జిడ్డు, మధ్యలో ఉబ్బిన మెతుకులు, కరివేపాకు రెబ్బలు, అంచున అతుక్కున్న చేప పొలుసులు. వారం రోజులుగా మా ఇంట్లో చేప లేదు. అంటే పై ఇంటి ఎంగిలి మా ఇంట్లోకి వచ్చింది. చెయ్యి పెట్టి బకెట్టులోకి ఎత్తిపోశాను. ఆ పూట ఎవరికీ అన్నం సయించలేదు. అయినా పై అక్కతో మర్యాదగానే చెప్పాను. ఆమె నొచ్చుకుని, "అయ్యో, ఇక రాకుండా చూసుకుంటానులే చెల్లెమ్మా" అంది.

ఆమెతో మర్యాదగా ఉండాల్సిన అవసరం నాకూ ఉంది. మా అత్తమ్మకు షుగరు. కాలి బొటనవేలి దగ్గర పుండు పడి మానకుండా సలుపుతుండేది. వేలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టరు భయపెట్టాడు. పై అక్క డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా మా గడప దగ్గర కూర్చుని, రోజూ ఆ చీము తుడిచి కట్టు కట్టేది. పైసా తీసుకోలేదు. కట్టు విప్పే వేళకు నేను ఏదో పని కల్పించుకుని పెరట్లోకి పోయేదాన్ని.

మళ్లీ ఎనిమిది రోజులకు సింకు పొంగింది. ఈసారి తెల్లగా, ముద్దలు ముద్దలుగా, పుల్లటి కంపుతో. అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. నేను మెట్ల దగ్గరికి వెళ్లి పైకి చూస్తూ అరిచాను. "నీళ్లు మీరే తీస్కపోతిరి, నౌకరీలు మీరే తీస్కపోతిరి. ఆఖరికి మీ ఎంగిలి గూడ మాకే తోలుతున్నరా?" వీధిలో అందరూ గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. పై అక్క మెట్ల మీద నిలబడి వింది. లోపలికి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం జంక్షన్లో రోడ్డు మీద వంటావార్పు జరిగితే అక్కడా నా మాటే చెప్పుకుని నవ్వుకున్నారు. ఎవరెవరో ముఖం తెలియని వాళ్ల పక్కన కూర్చుని ఒకే బేసిన్‌లోంచి వడ్డించుకుని తిన్నాను. నాయకురాలినైనంత సంబరంగా ఉంది. అసహ్యం అనేది ఆ పూట ఎటు పోయిందో మరి.

ఆ సాయంత్రం కూడా పై అక్క వచ్చింది. ఎప్పటిలాగే కట్టు విప్పి, కడిగి, మందు రాసి, కొత్త కట్టు కట్టింది. చాయ్ వద్దని వెళ్లిపోయింది. అత్తమ్మ నా వైపు తిరిగి, "నా కాలి కంపు ఆమెకు రాదనుకున్నవా?" అంది. నేను విననట్టు పొయ్యి దగ్గరికి పోయాను.

రెండు రోజుల తర్వాత బంద్ లేని పూట చూసి ఒక ముసలి ప్లంబర్‌ను పిలిచాను. ఆయన సిమెంటు కొట్టి పైపు లాగితే మోచేతి పొడుగున బయటికొచ్చింది. "గింత లోపలికి గుచ్చిన్రేందమ్మా? పైనుంచి వచ్చే నీళ్లకు గిదే అడ్డం. అందుకే మీ సింకులకు తిరిగొచ్చింది" అన్నాడు. లోపల చెయ్యి పెట్టి జారిపోయిన లుంగీ పేలికను లాగాడు. అది నల్లగా, జిగటగా, పురుగులతో వచ్చింది. దాని నిండా తెల్లటి ముద్దలు. వేళ్లతో నలిపి చూసి, "గిది జొన్న గట్క గాదా అమ్మా? పైనోళ్లు గట్క తింటరా?" అని అడిగాడు.

గట్క తినేది మేము. షుగరని అన్నం బదులు జొన్నరవ్వ ఉడికించి అత్తమ్మకు రోజూ నేనే పెట్టేదాన్ని. గిన్నె అడుగున మిగిలింది నేనే సింకులో కడిగేదాన్ని. నా వంట నా దగ్గరికే తిరిగొస్తే నేను పోల్చుకోలేదు.

"పైనోళ్లు సింకు వాడ్తనే లేరు. పై పైపు ఎన్ని దినాల సందో ఎండిపోయుంది" అన్నాడాయన రంధ్రంలోకి తొంగి చూసి.

మరి అంట్లు ఎక్కడ తోముతున్నారోనని డాబా మీదికి వెళ్లాను. ఎండలో, నీళ్ల ట్యాంకు పక్కన, పై అక్క గొంతుక్కూర్చుని గిన్నెలు తోముతోంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను మర్యాదగా చెప్పిన మర్నాటి నుంచే ఆమె గంపెడు అంట్లు డాబా మీదికి మోసుకుంటోంది. నేను అరిచిన రోజున ఆ ఒక్క మాట ఎందుకు చెప్పలేదో అడిగే ధైర్యం నాకు రాలేదు. వీధి వీధంతా నవ్వుతుంటే ఆమె మాట ఎవరు వింటారు? "అక్కా, తప్పు మాదే. పైపు బాగైంది. ఇగ సింకుల కడుక్కో" అన్నాను. "పర్లేదు, ఇక్కడ గాలి బాగుంది" అని మళ్లీ తోముకోవడం మొదలుపెట్టింది.

అత్తమ్మ పుండు మానింది, వేలు దక్కింది. పై అక్క మాత్రం ఇల్లు ఖాళీ చేసే దాకా ఒక్కనాడూ ఆ సింకు వాడలేదు. రోజూ పైనుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే నేను కింద చేతులు ముడుచుకుని కూర్చునేదాన్ని. వాళ్లు ఎటు వెళ్లారో తెలియదు. తర్వాత రాష్ట్రం వచ్చింది, కొత్తగూడలో ఫ్లైఓవర్ వచ్చింది, మేమూ ఆ ఇల్లు వదిలి మియాపూర్ చేరాం. ఇన్నేళ్లు ఎలా గడిచాయో తెలియలేదు కానీ, ఆమె డాబా మీద గిన్నెలు తోముకున్న ఆ ఎనిమిది నెలలు నాకు ఇప్పటికీ గడవలేదు.