ఖాళీ గడిని నింపొద్దన్న మేడమ్

మేడమ్ పోయారన్న కబురు నాకు కాలేజీ ల్యాబులో పాఠం చెబుతుండగా తెలిసింది. ఫోన్ చేసింది రాయదుర్గం అమ్మాయి, మేడమ్ దగ్గర చివరగా మిగిలిన పరిశోధక విద్యార్థిని. "అన్నా, మేడమ్ లేరన్నా" అని ఒక్క మాట చెప్పి ఏడ్చింది. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే పక్కకు ఒరిగిపోయారట. గుండె ఆగిందన్నారు. ఇంట్లో వాళ్ళకు ఆసుపత్రికి పరుగెత్తే శ్రమ కూడా ఇవ్వలేదు. ఒకరికి పని పెట్టడం ఆమెకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు. విద్యార్థులమైన మా సంగతి వేరు, మాకు మాత్రం బోలెడంత పెట్టేవారు.

ఏడుపు మధ్యలోనే ఆ అమ్మాయి "నా థీసిస్ ఏమవుతాదన్నా?" అంది. అన్నాక నాలుక కరుచుకుని, ఇట్లాంటప్పుడు అడగాల్సిన మాటేనా ఇది అని మళ్ళీ ఏడ్చింది. నాకైతే తప్పుగా తోచలేదు. మేడమ్ విని ఉంటే ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పేవారు. ఆ అమ్మాయి రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. ఆలోగా థీసిస్ ఇవ్వకపోతే ఇన్నేళ్ళ కష్టం నీళ్ళపాలు. డిగ్రీ రాకపోతే ఇప్పుడు పాఠాలు చెబుతున్న కాలేజీ కూడా ఆమెను ఉంచుకోదు. థీసిస్ చదివి, సరేనని సంతకం పెట్టాల్సిన మనిషి ఇక లేరు.

నాకూ మేడమే గైడు. మా విషయం పేరు సమాచార వ్యవస్థల నమూనాలు, డేటా నిర్వహణ. ఈ పేరు చెబితే మా బంధువులు తలూపి, పెళ్ళెప్పుడు అనే మళ్ళీ అడిగేవాళ్ళు. చేరిన కొత్తలో నాకే సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఒకరోజు మొహమాటం లేకుండా మేడమ్‌నే అడిగాను, మనం చేసేదేమిటని. "లోకంలో ఉండేదాన్ని కంప్యూటర్లో పెట్టేటప్పుడు అబద్ధం కాకుండా పెట్టేకి నేర్చుకోవడమప్పా. అంతే" అన్నారు. తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే మంచి నిర్వచనం నాకు కనబడలేదు.

మేడమ్ అనంతపురం పాతూరులో బట్టల అంగడివాళ్ళ ఇంటి ఆడపిల్ల. పెళ్ళి చేసుకోలేదు. అన్న కుటుంబంతోనే ఉంటూ, మేడ మీది గదిలో చదువుకునేవారు. విశ్వవిద్యాలయంలో పెద్ద ఉద్యోగం వచ్చినా మాట మారలేదు. బెంగుళూరు నుంచి వచ్చిన ప్రొఫెసర్ల ముందు కూడా "ఏమప్పా, తిన్న్యావా?" అని మమ్మల్ని పలకరిస్తే మాకు కొంచెం సిగ్గేసేది. ఆమెకు లేని సిగ్గు మాకెందుకో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది.

అందరు అధ్యాపకులూ హోటల్ గదుల బుకింగో, లైబ్రరీ పుస్తకాలో ఉదాహరణగా తీసుకుని పాఠం చెబుతారు. మేడమ్ హ్యాండ్‌బ్యాగు తెరిచి గుప్పెడు శెనక్కాయలు బల్ల మీద పోసేవారు. ఒక కాయ ఒలిచి చూపించేవారు, లోపల గింజ ఉండేది కాదు. తాలు కాయ. "ఇది సున్నా. కాయ ఉండాది, గింజ లేదు." ఖాళీ అరచెయ్యి చాపి, "ఇది కాయే లేకపోవడం. దీనికి సున్నా అనే మాట రాదు" అనేవారు. తర్వాత ఒలవని కాయను పిడికిట్లో మూసి మా ముందు పెట్టేవారు. "దీంట్లో గింజ ఉండాదా లేదా? నీకు తెలీదు. తెలీనప్పుడు సున్నా అని ఎట్ల రాస్తావు?" పాఠం అయ్యాక కాయలన్నీ ఒలిచి మాకూ పెట్టి తానూ తినేవారు. మా గైడు రోజూ డేటాను నమిలి మింగేస్తుందని వెనక మేం వేళాకోళం చేసుకునేవాళ్ళం. ఆ సంగతి ఆమెకు తెలుసు.

పాఠంగా విన్నప్పుడు అది తేలికే. నా దాకా వచ్చినప్పుడు మాత్రం చుక్కలు కనబడ్డాయి.

నా థీసిస్ వజ్రకరూరు చుట్టుపక్కల పల్లెల పంటల సమాచారం గురించి. ఒకే చేను గురించి ఒక్కో ఆఫీసు ఒక్కో రకంగా రాసుకుంటుంది. వాటన్నిటినీ ఒకచోట ఇమిడ్చే నమూనా తయారు చేయడం నా పని. దిగుబడి గడులు చాలావాటిలో ఏమీ లేదు. ఖాళీ ఉంటే లెక్క నడవదు కాబట్టి ఖాళీ ఉన్నచోటల్లా సున్నా పడేటట్టు ప్రోగ్రాం రాశాను. ఈ రంగంలో చాలామంది చేసేదే అది. అప్పటికి నా పరిశోధన గొర్రెతోక బెత్తెడన్నట్టు ఎన్నాళ్ళయినా అక్కడే ఉంది, ఎప్పుడు ఒడ్డున పడతానా అని చూస్తున్నాను. మేడమ్ పట్టిక చూశారు. ఈ సున్నాలు ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదు, ఖాళీలు నింపాను అన్నాను. కాగితాలు నా వైపు జరిపారు.

"వేసి ఎండబెట్టుకున్నోడు, అసలు వేయనోడు, మనం అడగనే అడగనోడు. ముగ్గురికీ ఒకటే సున్నా పెడితివి. కరువొచ్చినప్పుడు ఎండినోడికి న్యాయం ఎట్ల జరుగుతాదప్పా? ఖాళీ ఉంటే ఖాళీగా ఉండనీ. నీ సొంతంగా నింపొద్దు. పోయి అడుగు."

నాకు ఒళ్ళు మండింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి వచ్చినవాణ్ణి మళ్ళీ ఊళ్ళ చుట్టూ తిరగమంటే పుండు మీద కారం చల్లినట్టయింది. ఆమె సంతకం పెట్టనంటే పెట్టనన్నారు. నేను పోనంటే పోనన్నాను. కొన్నాళ్ళు ఆమె గది వైపు పోలేదు. ఆఖరికి ఒకరోజు ఆమే ఫోన్ చేసి, తాను బస్టాండులో ఉన్నానని, వజ్రకరూరు బస్సు కదిలేలోగా రమ్మని చెప్పారు. ఏం చేస్తాం, పోయాను. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మజ్జిగ సీసా పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు.

ఆ పల్లెలో మొదట కలిసిన రైతు నవ్వుకుంటూ చెప్పాడు. ఆ ఏడు తొలకరి పడగానే అందరితో పాటు వజ్రాల రాళ్ళు వెతకడానికి పోయాడట, రాయీ దొరకలేదు, చేనూ బీడు పడింది. మేడమ్ కూడా నవ్వి, వేయలేదని రాయి, రాళ్ళ సంగతికి మన పట్టికలో గడి లేదులే అన్నారు. రెండో ఆయన శెనక్కాయ వేశాడు. మొలిచింది, పూసింది, సరిగ్గా కాయ పట్టే ఊడలు మట్టిలోకి దిగే సమయానికి వాన మొహం చాటేసింది, పశువుల మేతకు కట్టె కూడా మిగల్లేదు. చెబుతూ చెబుతూ ఆయన చేని వైపు తిరిగాడు. అప్పుడు మేడమ్ నాతో, "ఇప్పుడు రాయప్పా సున్నా. ఇది ఆయన చెప్పిన సున్నా" అన్నారు.

మూడో ఇంట్లో ఒకావిడ. భర్త ఉన్నప్పటి సేద్యం, ఆయన పోయి చాలా కాలమైంది. ఏమీ తెలియదంది. నేను ఊరుకోలేదు, సుమారుగానైనా చెప్పమని బతిమాలాను. ఆమె విసిగిపోయి, "నువ్వే ఏదో ఒగటి రాసుకో నాయనా" అంది. నేను పెన్ను ఎత్తాను. మేడమ్ నా మోచెయ్యి పట్టుకున్నారు.

"తెలీదంటాంది గదా, తెలీదనే రాయి. అది కూడా జవాబే."

తర్వాత నేను పక్క ఇంటికి పోయినా మేడమ్ కదల్లేదు. ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని, ఆమె భర్త ఎట్లాంటివాడో, చేనంటే ఎంత ప్రాణమో, ఎట్లా పోయాడో అంతా విన్నారు. అందులో ఒక్క ముక్కా నన్ను రాయనివ్వలేదు. దానికీ మన పట్టికలో గడి లేదన్నారు. అప్పుడది నాకు చాదస్తంగా కనిపించింది. ఆమె ఆ రోజు ఎందుకు అంతసేపు కూర్చున్నారో తెలియడానికి నాకు ఇంకా చాలా వయసు రావాల్సి వచ్చింది.

ఖాళీకి కారణం కూడా రాసుకునే నమూనా అట్లా తయారైంది. నా థీసిస్‌లో పనికొచ్చే భాగం ఏదైనా ఉంటే అదొక్కటే. సంతకం పెట్టిన రోజు ఒక్క మెచ్చుకోలు మాటైనా వస్తుందేమోనని ఎదురు చూశాను. "పో, ఇంక పని చూసుకో" అన్నారు. ఆమె దగ్గర అదే పెద్ద బిరుదు అని సీనియర్లు చెప్పి ఓదార్చారు.

తెలియనిదాన్ని తెలియదనే చెప్పాలన్న నియమం మాకే కాదు, తనకూ పెట్టుకునేవారు. ఒకసారి పెద్ద సదస్సులో ఎవరో కొత్త పద్ధతి గురించి గంటసేపు చెప్పారు. హాలంతా అర్థమైనట్టు తలలూపుతోంది. మేడమ్ లేచి, నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, మళ్ళీ మొదటి నుంచి చెప్పండి అన్నారు. హాల్లో సగం మంది హమ్మయ్య అనుకున్నారు, నేనూ వాళ్ళలో ఉన్నాను. సెమినార్లో మాలో ఎవరైనా తెలియనిదాన్ని తెలిసినట్టు దంచితే తిట్టేవారు కాదు. "తెలీదంటే పోయేదేముంది, కూర్చో" అనేవారు. తిట్టినా బాగుండేది.

కబురు విని పాతూరు ఇంటికి నేను పోయేసరికి సందంతా ఆమె విద్యార్థులే. ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఏడ్చాను. దాచుకోవడానికేముంది, అమ్మ పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాను. మేడమ్ వాళ్ళ అన్న నా భుజం మీద చెయ్యి వేసి, మీ అందరి పేర్లూ ఇంట్లో అన్నం దగ్గర వినేవాళ్ళం అన్నాడు. మమ్మల్ని ఎదురుగా ఎప్పుడూ మెచ్చుకోని మనిషి అన్నం దగ్గర ఏం చెప్పేవారో ఆ రోజు నేను అడగలేకపోయాను.

కొన్నాళ్ళకు విశ్వవిద్యాలయం రాయదుర్గం అమ్మాయికి నన్ను గైడుగా వేసింది. గైడు పోయిన కారణంగా గడువు కొంచెం పెంచారు. ఆమె థీసిస్ రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే ఆడవాళ్ళ పని గురించి. యూనిట్లో ఎంత కుట్టారు, ఇంటికి పని ఎంత తెచ్చుకున్నారు, పని లేని రోజులేవి అన్నీ ఒకచోట పెట్టే నమూనా. కంప్యూటర్లో పంపిస్తే చదివాను. బాగా రాసింది. నాలుగో అధ్యాయంలో ఒక పెద్ద పట్టిక దగ్గర ఆగిపోయాను. పట్టిక నిండా సున్నాలు.

పిలిపించి అడిగాను. యూనిట్ల వాళ్ళు ఇచ్చిన లెక్కలో ఖాళీగా ఉన్న రోజులన్నిటికీ సున్నా వేసిందట. ఆ రోజు బట్ట రాక పని లేదా, కుట్టే మనిషే పనిలోకి రాలేదా, రాసేవాళ్ళు రాయడం మరిచారా అంటే, అడగలేదన్నా అంది. ఇప్పుడు సంతకం పెట్టలేనన్నాను. నాకు ఆ మాట అనడం ఎంత కష్టమైందో ఆమెకు తెలియదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపమూ వచ్చింది. గడువు చూసినావా, నా ఉద్యోగం పోతే నువ్వు ఇస్తావా అన్నట్టు చూసింది.

"మేడమ్ ఉండింటే ఈపాటికి అయిపోయిండేదన్నా" అంది.

కాసేపటికి ఆమే కళ్ళు తుడుచుకుంది.

"లేదులేన్నా. ఆమె కూడా పోయి అడిగి రా పో అనే అనింటారు. కాకపోతే నాతో పాటు బస్సెక్కింటారు."

ఆ మాట సూటిగా తగిలింది. మర్నాడే సెలవు పెట్టి ఆమెతో రాయదుర్గం పోయాను. తర్వాత కూడా వీలైనప్పుడల్లా పోయాను. మిషన్ల చప్పుడులో గట్టిగా అరిచి అడగాల్సి వచ్చేది. కొందరు బట్ట రాలేదన్నారు, కొందరు పిల్లలకు జ్వరమన్నారు. ఇంటి దగ్గర కూర్చుని ప్యాంట్ల దారాలు కత్తిరించామని, దాన్ని ఎవరూ పనిగా రాయలేదని కొందరన్నారు. గుర్తులేదన్నవాళ్ళను ఆ అమ్మాయి రెండోసారి అడగలేదు. పెరిగిన గడువు ముగియకముందే పట్టిక మారింది, దాంతో చివరి అధ్యాయమూ మారింది.

సంతకం పెట్టే రోజు కొత్త ప్రతితో పాటు పాత చిత్తుప్రతి కూడా తెచ్చింది. మేడమ్ చదువుతూ ఉండిన ప్రతి అది. ఆమె ఎప్పుడూ కాగితం మీదే, పెన్సిల్‌తోనే చదివేవారు. ఆ రోజుకు చదవడం ఎక్కడ ఆపితే అక్కడ అంచున ఒక చిన్న చుక్క పెట్టేవారు. మర్నాడు అక్కడి నుంచి మొదలుపెట్టేవారు. నా థీసిస్ నిండా కూడా అట్లాంటి చుక్కలే. ఆ అమ్మాయి నాలుగో అధ్యాయం తీసి చూపించింది. ఒకచోట వాక్యం సరిదిద్ది ఉంది, దాని కిందే చుక్క ఉంది. ఆ తర్వాత పేజీల్లో ఎక్కడా పెన్సిల్ గీత లేదు. సున్నాల పట్టిక సరిగ్గా తర్వాతి పేజీలోనే ఉంది.

"ఇంకొక పేజీ తిప్పింటే నన్ను తిట్టింటారన్నా" అంది. "ఆ తిట్లు నాకు దక్కలేదు."

నేను సంతకం పెట్టాను. ఆమె కొత్త ప్రతిని సంచిలో పెట్టుకుంది. పాతదాన్ని మాత్రం వెంటనే మూయలేకపోయింది, నేనూ మూయమనలేదు. ఇద్దరం ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాం. బాగా చెక్కిన పెన్సిల్‌తో, ఏ తొందరా లేకుండా పెట్టిన చుక్క. రేపు పొద్దున ఇక్కడి నుంచి చదవాలని పెట్టుకున్నది.