తీర్థం పోసిన కుండ

నా చిన్నప్పుడు ఆ పురుగు కబురు మా ఇంటికి మొదట తెచ్చింది మా మేనత్త. వానాకాలంలో ఒక పొద్దున పక్కింటికి చల్ల కోసం పోయిన మనిషి ఖాళీ చెంబుతో పరుగెత్తుకొచ్చింది.

"గోడకు ఏందో అతుక్కున్నదే! ఈపు మీద మనిషి మొఖం ఉన్నది. పుల్లతోని పొడిస్తే ఏడ్చింది!"

నేనూ పోయి చూశాను. నా అరచేతి కంటే పెద్ద రెక్కల పురుగు. పొట్టకు పసుపు చారలు, వీపు మీద పుర్రె లాంటి మచ్చ. పుల్ల తగిలినప్పుడల్లా కీచుమని అరిచింది. చెన్నూరు దగ్గరి మా ఊళ్లో అటువంటిదాన్ని చూశామన్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

ఆ ఇంట్లో పక్కింటి అక్క కొడుకు, ఏడాది పిల్లవాడు, నాలుగు రోజులుగా జ్వరంతో ఉన్నాడు. ముందురోజు సాయంత్రం మందులవ్వ వచ్చి ఏదో వేరు అరగదీసి నాకించి పోయింది. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. జ్వరానికీ తేలుకాటుకూ ఆకులు, వేర్లు ఇచ్చేది కాబట్టి ఆ పేరు. "నిన్న ముసల్ది వచ్చింది, ఇయ్యాల గిది వచ్చింది" అంది అక్క అత్తగారు. అంతే. మధ్యాహ్నానికల్లా మందులవ్వ మంత్రాలు చేసిందని ఊరంతా ఒకటే మాట.

మంత్రాలు చేసేవాళ్ల ముందు పళ్లు ఊడబీకితే నోట మంత్రం పలకదని అప్పట్లో నమ్మేవారు. ఆ సాయంత్రం ఆమె మీద పెట్టిన పంచాయితీకి వచ్చినవాళ్లలో ఒకాయన తువ్వాలలో పటకారు చుట్టుకొని వచ్చాడు. నేను కళ్లారా చూశాను.

మా తాతయ్య లేచి నిలబడ్డాడు. "అది మన నువ్వుల చేన్ల పచ్చ పురుగు. తోక మీద కొమ్ముంటది, రోజూ కాళ్లతోని తొక్కుతరు గదా, గదే. మట్టిల పోయి రెక్కలతోని లేస్తది."

"ముసలోనికి మతి పోయింది. పురుగుకు మనిషి మొఖం ఎట్లొస్తదే?" అని నవ్వారు.

తాతయ్య చేనుకు పోయి బొటనవేలంత లావున్న పచ్చ పురుగులు ఆరు తెచ్చాడు. అందరి ముందు కుండలో పొడిమట్టి పోసి, పురుగులను నువ్వుల ఆకులతో సహా అందులో వేసి, మూతికి గుడ్డ కట్టాడు. "మూడు వారాలు ఆగుండ్రి. గిట్లాంటిది రాకుంటె మీ ఇష్టం." పెద్దలు ఒప్పుకున్నారు. కుండ మా అరుగు మీదా, మందులవ్వ మా వాకిట్లోనూ ఉండాలని తీర్మానమైంది.

"కుండ ముట్టకు బిడ్డా, మట్టి పొడిగ ఉండాలె" అని తాతయ్య నాతో గట్టిగానే చెప్పాడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. బడికి పోలేదు, అక్షరాలన్నీ ఆయనే ఇంట్లో దిద్దించాడు. చదువులో ఆయన మాట దాటేదాన్ని కాదు. కానీ మందులవ్వ ముఖం చూస్తే, ఆమెను ఏం చేస్తారోనని భయమేసేది. మేనత్త కొండగట్టు హనుమంతుడి గుడి నుంచి తెచ్చిన తీర్థం ఒక సీసాలో ఉంది. రోజూ స్నానం చేసి, పురుగులు రెక్కలతో లేవాలని అంజన్నకు మొక్కి, గుడ్డ మీద నుంచే కుండలో ఇంత పోసేదాన్ని. తీర్థం తరిగినకొద్దీ సీసాలో బావినీళ్లు కలిపాను. ఎవరికీ చెప్పలేదు.

కుండ పెట్టిన తొమ్మిదో రోజున పిల్లవాడు పోయాడు. అక్క ఏడుపు మా గోడ దాటి వచ్చింది. ఆ తర్వాత మందులవ్వతో పలికినవాళ్లు మా ఇంట్లోవాళ్లే.

గడువు నాడు అందరి ముందు గుడ్డ విప్పారు. ముక్కిపోయిన వాసన గుప్పుమంది. తాతయ్య వేళ్లతో మట్టి తవ్వితే పురుగులు కట్టుకున్న గోధుమరంగు గూళ్లు నల్లగా కుళ్లి చేతిలోనే చితికిపోయాయి. ఆయన మట్టి పిసికి చూసి, నా వైపు చూశాడు.

"నేనే పోసిన తాతా. తీర్థం" అన్నాను.

"సాకు చెప్పుడు పిల్లకు మంచిగనే నేర్పినవ్" అన్నారెవరో తాతయ్యతో.

తాతయ్య అడ్డం నిలబడితే ఇద్దరు ఆయన రెక్కలు పట్టుకున్నారు. మా వాకిట్లోనే మందులవ్వ నాలుగు పళ్లు పీకారు. అంతకన్నా రాయలేను.

కుండ అంచున, నీళ్లు అందని చోట ఒక గూడు మిగిలిందని మాకెవరికీ తెలియదు. నాలుగు రోజులకు అందులోంచి రెక్కల పురుగు లేచింది. వీపు మీద అదే ముఖం. తాతయ్య దాన్ని చేతి మీద పెట్టుకొని ఇంటింటికీ పోయాడు. "ముట్టి చూడుండ్రి" అనడం తప్ప ఇంకో మాట అనలేదు. ప్రతి వాకిట్లోనూ అది కీచుమంది. పటకారు తెచ్చినాయన తలుపు వేసుకున్నాడు. పక్కింటి అక్క ఒక్కతే వచ్చి మందులవ్వ ఒళ్లో తల పెట్టి ఏడ్చింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. చేనుకు తీసుకుపోయి, పొడిమట్టిలోంచి ఒక గూడు తీసి నా అరచేతిలో పెట్టాడు. అది మెల్లగా కదిలింది. "దేవుడు దీనికి ఏం కావాల్నో దీంట్లనే పెట్టి పంపిండు. నువ్వు మొక్కు బిడ్డా, నేను వద్దన. కానీ మొక్కేముందు దాన్ని జర చూడు" అన్నాడు.

మందులవ్వకు జొన్నరవ్వతో కాచిన గట్క పలచగా కలిపి తినిపించే పని నేనే అడిగి తీసుకున్నాను. ఒకరోజు ఆమె కాళ్లు పట్టుకున్నాను. వాచిన నోటితో ఆమె అన్న మాట ఇది: "నువ్వు పోసుడు రోజూ చూసిన బిడ్డా. రెండు సుక్కలకు ఏమైతదనుకున్న. ఊర్లె నా కోసం మొక్కింది నువ్వొక్కదానివే. నిన్నెట్ల వద్దనాలె?"

ఆ చలికాలం గడవకముందే ఆమె పోయింది.

ఇప్పటికీ నా పూజ మానలేదు. అక్షరంతో పాటు చూపు కూడా ఇచ్చిన తాతయ్యను ఇచ్చినందుకు స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను. వాకిట్లో కొత్త పురుగు వాలితే మనవరాళ్లను పిలిచి, ఏం తింటుందో, ఎక్కడ పుడుతుందో చూడమంటాను. ఎవరికైనా మేలు చేయబోయే ముందు చేయి ఒకసారి ఆగుతుంది.

ఇది చదివిన మీరు రేపు దీపం ముట్టించేటప్పుడు మీవాళ్లతో పాటు మందులవ్వను కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆమె పేరు చెప్పి మొక్కేవాళ్లు నా తర్వాత ఇంకెవరూ లేరు.