బయానా ఇచ్చిన పెంకుటిల్లు

నా చిన్నప్పుడు కొత్తపేటలో మేం అద్దె ఇళ్ళలోనే ఉండేవాళ్ళం. మా నాన్న బడిపంతులు. మా వంశంలో నెలజీతం ఇంటికి తెచ్చిన మొదటి మనిషి ఆయనే. అంతకు ముందువాళ్ళంతా ఒకరి పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళే. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఇల్లుగలావిడ మొహం చూడాలి. తనదని చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉండాలని మా అమ్మకి ఒకటే కోరిక.

కాలవగట్టు పక్కన ఒక పెంకుటిల్లు అమ్మకానికి వచ్చిందని చెప్పింది మా పెదనాన్న, అంటే నాన్నకి సొంత అన్నయ్య. ఇళ్ళూ స్థలాల విషయంలో మా బంధువులందరికీ ఆయన మాటంటే గురి. స్టాంపులకెంత, రిజిస్ట్రేషన్‌కెంత, ఏ గుమాస్తా చేతిలో ఎంత పెట్టాలి, అన్నీ ఆయనకి కొట్టిన పిండి. మా దగ్గర కమిషన్ వద్దన్నాడు. "తమ్ముడి దగ్గర తీసుకుంటానేంట్రా?" అన్నాడట. ఆ ఒక్క మాటనే మా అమ్మ కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. అమ్మేవాడి దగ్గర ఆయన పుచ్చుకున్న సంగతి మాకు తర్వాతెప్పుడో తెలిసింది.

అమ్మ మెళ్ళో గొలుసు అమ్మి బయానా ఇచ్చాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన చేసి చేతిలో పెట్టిన డబ్బుకి కాగితాలు అడగడం మావాళ్ళలో మర్యాద కాదు. దేవుడు సాక్షిగా ఉండగా ఇంకా కాగితమేమిటంటారు. రిజిస్ట్రారు ఆఫీసులో కాస్త ఫీజు కడితే ఆ ఇంటి మీద అప్పుందో లేదో రాసిస్తారని మా నాన్నకి తెలుసు. తెలిసీ వెళ్ళలేదు, అన్నయ్యని అనుమానించినట్టుంటుందని. లెక్క తప్పితే పిల్లల వేళ్ళ మీద బెత్తం విరిచే మనిషి, అన్నగారి దగ్గర మాత్రం మొహమాటంతో చచ్చిపోయేవాడు.

ఇక ఆ ఇల్లు మాదే అనుకున్నాను నేను. బడి వదలగానే కాలవగట్టు మీదుగా వెళ్ళి చూసుకునేదాన్ని. ఏ కిటికీ దగ్గర కూర్చుని చదువుకోవాలో కూడా తేల్చేసుకున్నాను. ఒక సాయంత్రం వెళ్ళేసరికి పెరట్లో కొబ్బరి దింపు తీస్తున్నారు. ఎవరో పెద్దాయన దగ్గరుండి కాయలన్నీ తన బండికి ఎత్తిస్తున్నాడు. ఇల్లు అమ్ముతున్న మనిషి కాదాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. అవి మా కాయలండీ, అన్నాను. ఆయన కోప్పడలేదు, నవ్వాడు.

"మాస్టారి అమ్మాయివి కదూ? మీ కాయలేంటమ్మా! ఈ ఇల్లు మా దగ్గర తాకట్టులో ఉంది. బాకీ తీరేదాకా వడ్డీ కింద చెట్ల ఫలసాయం మాదే. ఆయ్, కావాలంటే మీ పెదనాన్నగారినడుగు. తాకట్టు కాగితం మీద సాక్షి సంతకం పెట్టేరు కూడాను."

ఇంటికి పరుగెత్తి నాన్నకి చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుని, నా చెయ్యి పట్టుకుని, పెదనాన్న ఇంటికి నడిచాడు. తీరా వెళ్ళాక కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, ఎండలు ముదిరాయని మాట్లాడుతున్నాడు. ఇక ఉండబట్టలేక నేనే చెప్పేశాను.

పెదనాన్న మొహంలో ఏ మార్పూ లేదు. "అవున్రా, తాకట్టులోనే ఉంది. ఆ బాకీ కూడా నువ్వు తీర్చి రాయించుకోవాలి. ఇందులో నేను దాచిందేముంది? నువ్వడగలేదు."

"నువ్వేమనుకుంటావోనని అడగలేదన్నయ్యా."

"మరి నన్నంటే ఎలాగ?" అన్నాడు పెదనాన్న.

చిన్నప్పుడు మంచి మాటలతో బుద్ధి నేర్పిన పెద్దలు అందరికీ ఉంటారు. నాకు నేర్పింది ఈయన. నువ్వడగలేదన్న ఆ మాటలో అబద్ధం లేదు, అదే నా కడుపుమంట.

ఆ బాకీ తీర్చే తాహతు మాకు లేదు. కొనేవాడు వెనక్కి తగ్గితే బయానా పోయినట్టేనని ఊళ్ళో కట్టు. అలా గొలుసూ పోయింది, ఇల్లూ పోయింది. నాన్న మళ్ళీ ఇంటి మాటెత్తలేదు. క్రిస్మస్‌కి పెదనాన్న వస్తే మాత్రం ఎప్పటిలాగే లేచి కుర్చీ వేసేవాడు. ఆ కుర్చీ వేసినప్పుడు నాకు నాన్న మీద వచ్చినంత కోపం పెదనాన్న మీద కూడా వచ్చేది కాదు.

మొన్నీమధ్య మా మనవరాలు అమలాపురంలో ఫ్లాట్ కొంటానంటే తోడు వెళ్ళాను. ఉద్యోగం వచ్చాక అది కొంటున్న మొదటి ఇల్లు. లోను ఇప్పించే కుర్రాడు టీ తెప్పించి, "మీరేం కంగారుపడకండి మామ్మగారూ, ప్రాసెసింగ్ ఫీజు దగ్గర్నుంచి అన్నీ మేం చూసుకుంటామండీ" అన్నాడు. ఫీజు కట్టాక లోను రాకపోతే ఆ డబ్బు వెనక్కిస్తారా అని అడిగాను. నీకు కమిషన్ ఇచ్చేది ఎవరు బాబూ, మేమా, బిల్డరా, బ్యాంకా అని కూడా అడిగాను. కుర్రాడి నవ్వు ఆగిపోయింది. మనవరాలు బల్ల కింద నా కాలు తొక్కింది. బయటికొచ్చాక, "వాళ్ళేమనుకుంటారు మామ్మా!" అంది. ఇన్ని తరాలు గడిచినా మా ఇంట్లో ఆ జబ్బు పోలేదు.

దానికి చెప్పని సంగతి ఒకటుంది. మా నాన్న ఆసుపత్రిలో పోయాడు. ఇంటికి తెస్తుంటే ఇల్లుగలాయన గేటు దగ్గరే నిలబడ్డాడు. "ఏమీ అనుకోకండమ్మా, పిల్లలున్న ఇల్లు కదండీ, శవాన్ని లోపలికి తేకండి" అన్నాడు. మా అమ్మ ఏమీ అనుకోలేదు. అనుకోవడం మాకు చేతకాదు. చివరికి నాన్నని పెదనాన్న ఇంటి అరుగు మీద పడుకోబెట్టాం. వచ్చినవాళ్ళంతా అన్నంటే ఈయనేనని మెచ్చుకున్నారు. మా అమ్మ ఏడుస్తూనే ఆయనకి రెండు చేతులూ జోడించింది. ఆ చేతులు చూసినదాన్ని, కాగితం చూపించమనడానికి ఇంకా మొహమాటపడతానా?