కనకయ్య సైకిల్ నిక్కరు

2011. ప్రత్యేక తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు డిపో దాటడం లేదు. సిద్దిపేటలో నా టైలరింగ్ షాపు షట్టరు చాలా రోజులు సగం దించే ఉండేది. అప్పుడే మా వాడకట్టు వాళ్లు ఐదుగురు సైకిళ్ల మీద ఊరూరా ఆగుతూ హైదరాబాదు దాకా పోవాలని అనుకున్నారు. భివండీలో పనిచేసే మా బామ్మర్ది పంపిన కాటన్ లైక్రా బట్ట తాను ఒకటి నా దగ్గర ఉన్న సంగతి వాళ్లకు తెలుసు.

"సైకిల్ నిక్కర్లు నువ్వే కుట్టాలె మాస్టరూ" అన్నారు.

నేను అంతకు ముందు అలాంటివి ఒక్కటీ కుట్టలేదు. పని కూడా ఎవరి దగ్గరా కూర్చొని నేర్చుకోలేదు, లెక్క వేసుకుంటూ నేర్చుకున్నాను. మామూలు ప్యాంటుకు ఒంటి కొలత మీద కొంత లూజు కలుపుతాం. లైక్రా సాగే బట్ట కాబట్టి కలపడానికి బదులు తీసెయ్యాలి. ముక్కను స్కేలు మీద లాగి చూసి, ముప్ఫై ఆరు నడుముకు ముప్ఫై రెండు చాలని తేల్చుకున్నాను. మియానీ, అంటే రెండు కాళ్లు కలిసేచోట వేసే ముక్క, ఒరుసుకోకుండా వెడల్పుగా పెట్టాను. కూర్చునే చోట లోపల మెత్తటి టర్కీ టవల్ రెండు పొరలు వేశాను.

నిక్కర్లు తొడుక్కుని ఐదుగురూ చంద్లాపూర్ దాకా తొక్కి చూసుకునేవారు. నలుగురికి ఏ ఇబ్బందీ లేదు. ఐదోవాడు కనకయ్య. మగ్గం నేసే మనిషి, నాకన్నా పెద్ద, నేను అన్నా అని పిలుస్తాను. ఒకరోజు షాపుకు వచ్చి కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నిప్పుల మీద కూసున్నట్టుంది తమ్మీ."

"ఎక్కడ, అన్నా?"

"గది సుత చెప్పాల్నా?"

తొడలు, నడుము, కూర్చునే చోటు అంతా ఎర్రగా దద్దుర్లు. ముందు నా ఎలాస్టిక్ మీదే అనుమానం వచ్చింది. రబ్బరు కొందరికి పడదు. దాన్ని విప్పి నాడా వేసి ఇచ్చాను. తగ్గలేదు. కుట్లు వేళ్లతో తడిమి చూశాను. ఒంటిమీద నుంచి తీసి తెచ్చిన నిక్కరు చెమటకు తడిసి మెత్తగా, కాస్త జిగటగా ఉంది. చెమటే అనుకున్నాను.

కనకయ్య భార్య లచ్చవ్వ వదినె ఈలోగా వంకాయ, గోంగూర, చేపలు అన్నీ బంద్ పెట్టింది.

"చారు లేదు, కూర లేదు, ఇగ నన్ను గడ్డి తినమంటది" అన్నాడు కనకయ్య.

దవాఖానలో డాక్టరమ్మ చూసి కాంటాక్ట్ డెర్మటైటిస్ అన్నది. అంటే ఒంటికి తగిలింది పడక వచ్చే మంట, తిన్నదానితో వచ్చేది కాదు. మలాం రాసి ఇచ్చి, ఏం తగులుతున్నదో కనుక్కునేదాకా సైకిల్ ఎక్కొద్దని చెప్పింది.

ఆ మాటతో కనకయ్య ముఖం మాడిపోయింది. "అరవై తొమ్మిదిల, తెలంగాణ లొల్లప్పుడు పోరగాన్ని. ఊరేగింపుల పోత అంటె మా బాపు అర్రల ఏసి గొళ్లెం పెట్టిండు. ఇప్పుడు గొళ్లెం పెట్టెటోడు లేడు, నా తోలే అడ్డమొచ్చింది. ఎర్రగైతె కానీ, నేను పోత."

రాత్రంతా కాదు గానీ ఆ సాయంత్రమంతా లెక్క వేశాను. ఐదు నిక్కర్లకూ బట్ట ఒకటే, దారం ఒకటే, టవల్ ఒకటే, మిషన్ ఒకటే. దారి, ఎండ కూడా ఒకటే. షాపు దాటాక తేడా ఇల్లొక్కటే.

తెల్లారి వాళ్లింటికి పోయాను. వాకిట్లో దండెం మీద నా నిక్కరు ఉంది. వేలాడటం లేదు. రెండు కాళ్లు చాపి, లోపల మనిషి ఉన్నట్టే బిర్రుగా నిలబడి ఉంది. వేలితో కొడితే అట్టలా టక్కుమంది.

"వదినె, దీనికి గంజి పెట్టినవా?"

"పెట్టకుంట ఎట్ల తోలుత తమ్మీ? పదిమంది చూసే జాగకు పోతుండు. గంజి లేని బట్ట కడితె ఇంట్ల ఆడిది లేదనుకోరా?"

"ఏ గంజి?"

"మగ్గం గంజి. వానలకు మామూలు గంజి ముక్క వాసనొస్తది."

అక్కడ నాకు దారి దొరికింది. నూలు పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, పట్టించే గంజి బూజు పట్టకుండా వాళ్లింట్లో మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కలుపుతారు. అదే గంజి పెట్టినా ధోతి లూజుగా ఉంటుంది, ఒంటిని అంటుకోదు. లైక్రా చర్మాన్ని పట్టుకునే ఉంటుంది. పైగా టవల్ పొరలు గంజినంతా తాగేశాయి. తొక్కుతుంటే చెమటకు అదంతా కరిగి, మైలుతుత్తంతో సహా తోలుకు పూసుకుంటున్నది. తడి నిక్కరు నాకు మెత్తగా, జిగటగా తగిలింది అందుకే.

డాక్టరమ్మకు చెప్తే, అదే అయి ఉంటుంది, మానేసి చూడమన్నది. వదినెకు చెప్తే చేతులు చూసుకుంటూ కూర్చుంది.

"నా చేతులతోనే మంట పెట్టిన్నా?"

కనకయ్య గోడకు ఆనుకుని నిలబడే అన్నాడు. "ఇన్నేండ్ల సంది పెడుతనే ఉన్నవ్. ఇప్పుడు డాక్టరమ్మ పేరు పెట్టింది."

వదినె పక్కనున్న చెంబు ఎత్తింది, కొట్టలేదు, నవ్వింది.

కొత్త నిక్కరు కుట్టి, ఉత్త నీళ్లతో ఉతికి వాడమన్నాను. మలాం పనిచేసింది, దద్దుర్లు మానిపోయాయి. డాక్టరమ్మ సరేనన్నది. బయలుదేరే పొద్దున కనకయ్య సీటు మీద హాయిగా కూర్చున్నాడు. మెడలో గులాబీ కండువా మాత్రం రేకులా నిటారుగా నిలబడి ఉంది. గంజి అక్కడికి చేరింది.

"నిక్కరు దండెం మీద కనబడలేదు వదినె?" అని అడిగాను.

"ఇంట్ల ఆరేసిన. గసొంటి మెత్త బట్ట వాడకట్టుకు చూపిస్తనా?"

ఆ కేసు తర్వాత నా అలవాటు ఒకటి మారింది. టేపు తీయకముందే గిరాకీని అడుగుతాను, మీ ఇంట్ల బట్టలు ఎవరు ఉతుకుతరు, ఎట్ల ఉతుకుతరు అని. కొత్తవాళ్లు నవ్వుతారు. నా చేతిలో బట్ట ఉండేది కొద్ది రోజులే. ఆ తర్వాత అది ఎవరి చేతుల్లో పడుతుందో వాళ్ల ప్రేమను కూడా కొలతలో కలుపుకోవాలి. ఒక్కోసారి, లైక్రా లెక్కన, కొంత తీసెయ్యాలి.